మత్తు వద్దన్న రోజు

ఇరవై మూడేళ్ళ వయసులో మనిషికి తన ధైర్యం మీద గొప్ప నమ్మకం ఉంటుంది. ఆ ధైర్యంతో నిజంగా పని పడేదాకా ఆ నమ్మకం చెక్కు చెదరదు. ఆ రోజుల్లో నేను కడపలో ఒక్కదాన్నే గది తీసుకుని ఉండేదాన్ని. బస్సులో కిటికీ పక్క సీటు కోసం ఎవరితోనైనా వాదానికి దిగేదాన్ని. గదిలోకి వచ్చిన తేలును చెప్పుతో చంపి, పక్క గదుల వాళ్ళను పిలిచి మరీ చూపించిన చరిత్ర కూడా నాకుంది. ఒక్క సూది దగ్గర మాత్రం ఈ శౌర్యమంతా ఆవిరైపోయేది. (మా బడికి టీకాలు వేసేవాళ్ళు వచ్చిన రోజు గోడ దూకి పారిపోయినవాళ్ళలో నేను మొదటిదాన్ని. గోడ అవతల ముళ్ళకంపలో పడ్డాను. టీకా ఒక సూదితో పోయేది. కంప గీరుకున్నందుకు ఇంకొకటి కలిపి, రెండు సూదులు వేయించుకుని ఇంటికి వచ్చాను.)

నాకు అప్పట్లో ఇంకొక భయం కూడా ఉండేది. దాని గురించి చెప్పాలంటే ముందు మా నాయన గురించి చెప్పాలి. జమ్మలమడుగు పక్కన ఒక నేత ఊరు మాది. నాయన గుంత మగ్గంలో కాళ్ళు పెట్టుకుని కూర్చుంటే మళ్ళీ అన్నానికే లేచేవాడు. మాట శానా తక్కువ మనిషి. తన కూతురు ఫ్యాను కింద కూర్చుని సంతకాలు పెట్టే ఉద్యోగం చేయాలన్నది ఆయన కోరిక. అందుకోసమే నన్ను బ్యాంకు పరీక్షల కోచింగ్‌కు కడప పంపించాడు. ఇంట్లో వాళ్ళకు తెలిసినంతవరకు నేను చదువుతున్నాను. నిజానికి కోచింగ్ మానేసి ఎనిమిది నెలలు దాటింది. పరీక్ష దరఖాస్తుకు ఫోటో దిగుదామని ఒక స్టూడియోకు వెళ్తే, అక్కడ కంప్యూటరు ముందు కూర్చునే పిల్లవాడు చెప్పాపెట్టకుండా మానేశాడట. ఫోటోగ్రాఫరన్న ఒక్కడే పెళ్ళి ఆల్బం తెరిచి పెట్టుకుని తల పట్టుకుని ఉన్నాడు. నేను పక్కన నిలబడి అది కాదు ఇది నొక్కన్నా అని చెబుతూ చెబుతూ ఎప్పుడు ఆ కుర్చీలో కూర్చున్నానో నాకే గుర్తు లేదు. దరఖాస్తు గడువు అక్కడే దాటిపోయింది. అప్పటి నుంచి అదే నా ఉద్యోగం. ఆల్బం పేజీలకు అంచులు కట్టడం, పెళ్ళికొడుకు నెత్తి మీద పడిన ట్యూబులైటు వెలుగు తీసేయడం, పెళ్ళికూతుళ్ళ పళ్ళు తెల్లగా చేయడం. ఆ పని నాకు ప్రాణం. ఆ సంగతి నాయనకు చెప్పడానికి మాత్రం ప్రాణం ఒప్పేది కాదు. ప్రతి ఆదివారం ఆయన ఫోన్ చేసి చదువుతాండావా అని అడగడం, చదువుతాండా నాయనా అని నేను చెప్పడం, తర్వాత ఇద్దరం కాసేపు ఊరికే ఫోన్ పట్టుకుని ఉండడం. అదీ మా సంభాషణ.

ఊళ్ళో వాళ్ళ పళ్ళన్నీ తెల్లబరుస్తున్న నాకు నా పన్నే ఎదురు తిరిగింది. ఒక రోజు పొద్దున అద్దంలో చూసుకుంటే ఎడమ బుగ్గలో అలసంద వడ దాచుకున్నట్టు వాపు. నోరు రెండు వేళ్ళ మందం కూడా తెరుచుకోదు. స్టూడియోలో అందరూ ఫ్లాషన్న అని పిలిచే ఆ ఫోటోగ్రాఫరన్నే నన్ను స్కూటరు మీద పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. డాక్టరమ్మ ఎక్స్‌రే తీసి, వెలుగులో పెట్టి చూపించింది. నా జ్ఞానదంతం నిలబడి పెరగవలసింది పోయి చిగురు కింద అడ్డంగా పడుకుని, పక్క పన్నును కాళ్ళతో తంతూ ఉంది. వారం రోజులు మాత్రలు వేసుకుంటే వాపు తగ్గుతుందనీ, తగ్గాక చిగురు కోసి, పన్నును ముక్కలు చేసి తీయాలనీ చెప్పింది. చిన్న ఆపరేషనేనని కూడా అంది. నాకు చిన్న వినపడలేదు. ఆపరేషన్ ఒక్కటే వినపడింది.

సూదంటే నాకు పడదని ముందే చెప్పేశాను. డాక్టరమ్మది కర్నూలు, నెమ్మదస్తురాలు. నాలాంటి వాళ్ళను రోజూ చూస్తుంటానని చెప్పి, ఉన్న మార్గాలన్నీ విడమరిచి చెప్పింది. దవడలోకి మొద్దుబారే మందు ఎక్కిస్తే అక్కడ నొప్పి తెలియదు, మెలకువ మాత్రం ఉంటుంది. ఈ పన్నుకు అది చాలు. భయం మరీ ఎక్కువైతే ముక్కు మీద గొట్టం పెట్టి గ్యాస్ పీల్పిస్తారు. ఒళ్ళు తేలిపోతున్నట్టుంటుంది, గొట్టం తీసేసిన కాసేపటికే మామూలు మనిషి అవుతారు. (ఇది నాకు బాగా నచ్చింది. కానీ నెల రోజులుగా వదలని జలుబుతో నా ముక్కు రెండు వైపులా మూసుకుపోయి ఉంది. ముక్కుతో గాలే పీల్చలేనిదానికి గ్యాస్ ఎక్కడ పీలుస్తావని డాక్టరమ్మ ఆ మార్గం కొట్టేసింది.) మూడోది నరంలోకి మత్తు మందు ఎక్కించడం. దానికి మత్తు డాక్టరు వేరే వస్తాడు. సగం నిద్రలాగా ఉంటుంది, పిలిస్తే పలుకుతారు, తర్వాత జరిగింది పెద్దగా గుర్తుండదు. పూర్తిగా స్పృహ లేకుండా చేయడం కూడా ఉంది గానీ, అది పెద్దాసుపత్రిలో పరీక్షలన్నీ అయ్యాక చేసేది, ఒక్క పన్నుకు అంత అవసరం లేదంది.

నేను నరంలోకి ఇచ్చే మత్తు కావాలన్నాను. ఏమీ గుర్తుండదన్న మాట నాకు అమృతంలా వినపడింది. అప్పుడు డాక్టరమ్మ మత్తు ఎక్కినా దవడకు సూది తప్పదనీ, అయితే అది తెలియదనీ చెప్పింది. సరే, తెలియకపోతే ఎన్ని పొడిస్తే నాకేం అనుకుని, ఆ మత్తు ఎలా ఎక్కిస్తారని అడిగాను. చేతికి సూది పెట్టి ఎక్కిస్తామంది. సూది తెలియకుండా ఉండడానికి సూది. ఫ్లాషన్న గోడ వైపు తిరిగి నవ్వుకున్నాడు. దవడలో కంటే చేతిలో సూదే నయమని మనసుకు నచ్చజెప్పుకుని ఒప్పుకున్నాను. ఆరు గంటల ముందు నుంచి ఏమీ తినకూడదనీ, ఇంటికి తీసుకుపోయి ఆ రోజంతా కనిపెట్టుకుని ఉండడానికి పెద్దవాళ్ళు ఒకరు వెంట రావాలనీ చెప్పి పంపించింది.

వెంట రావడానికి ఫ్లాషన్ననే అనుకున్నాను గానీ, ఆపరేషన్ రోజు ఆయనకు రాయచోటిలో పెళ్ళి ఫోటోల పని ఉంది. ముహూర్తం మార్చమని చెప్పలేం కదా. వేరే దారి లేక అమ్మకు ఫోన్ చేసి పన్ను సంగతి చెప్పాను. చెప్పిన పావు గంటకు నాయన ఫోన్ చేశాడు. ఆదివారం కాని రోజు ఆయన ఫోన్ చేయడం అదే మొదటిసారి. తానే వస్తున్నానన్నాడు.

ఆపరేషన్ ఇంక నాలుగు రోజులుందనగా ఆ మాట ఫ్లాషన్నకు చెబితే, ఆయన కెమెరా తుడుచుకుంటూ తన మామ కథ ఒకటి చెప్పాడు. ఆ మామకు కాలి ఆపరేషన్‌లో మత్తు ఇస్తే, పదో తరగతిలో తాను ఇష్టపడిన అమ్మాయి పేరు, ఊరు, ఆమె జడకు కట్టుకునే రిబ్బను రంగుతో సహా అత్త ముందే చెప్పేశాడట. మత్తులో మనిషి కడుపులో ఉన్నదంతా కక్కేస్తాడు పాపా, జాగ్రత్త అన్నాడు. ఆయన సరదాకు చెప్పాడు. కానీ నా కడుపులో ఉన్నది ఎనిమిది నెలల అబద్ధం. అది వినకూడని ఒకే ఒక్క మనిషి తలుపు అవతల కూర్చోబోతున్నాడు. మత్తు తీసుకుంటే నోరు జారుతుంది, తీసుకోకపోతే సూది కనపడుతుంది. ఆ నాలుగు రోజులూ ఏ పెళ్ళికూతురి పళ్ళూ సరిగ్గా తెల్లబడలేదు.

ఆ రోజు పొద్దున నాయన మొదటి బస్సుకే వచ్చాడు. పెళ్ళిళ్ళకు మాత్రమే తీసే తెల్లచొక్కా, భుజాన తువ్వాలు, చేతిలో క్యారియరు. క్యారియరులో పన్ను తీశాక తినడానికి అమ్మ పంపిన పెరుగన్నం. ఆసుపత్రి హాల్లో కూర్చున్న కాసేపటికే, అంత మాటల పొదుపరి అయిన మనిషి పక్కనున్న ముసలాయనకు తన పన్ను కథ చెప్పడం మొదలుపెట్టాడు. మా నాయన నోరు విప్పి చెప్పే కథ జన్మలో అదొక్కటే. పడుచు వయసులో దవడ పన్ను సలుపుతుంటే, పట్టుదారం నాలుగు పేటలు పురిపెట్టి, ఒక కొన పన్నుకూ ఒక కొన మగ్గానికీ కట్టి, సూదీ లేదు మందూ లేదు, ఒక్క తోపుతో ఊడబెరికాడట. ఆ కథ వింటూ పెరిగినదాన్ని కాబట్టే, నాకు సూది భయమని ఆయన ముందు ఒప్పుకోవడం కూడా నామోషీగా ఉండేది.

నన్ను లోపలికి పిలిచారు. కుర్చీలో వెనక్కి పడుకోబెట్టారు. మత్తు డాక్టరు వచ్చి ఉన్నాడు, పక్కన నర్సమ్మ ఉంది. నా చేతికి పట్టీ చుట్టి నరం కోసం వేళ్ళతో తడుముతున్నాడు. అప్పుడు తలుపు అవతల నుంచి నాయన గొంతు స్పష్టంగా వినపడింది. ‘ఒక్క తోపే’ అంటున్నాడు. ఆయన మాట నాకు ఇంత బాగా వినపడితే, నా మాట ఆయనకూ అంతే బాగా వినపడుతుంది. నేను దిగ్గున లేచి కూర్చుని మత్తు వద్దన్నాను.

డాక్టరమ్మ ఎందుకని అడిగింది. నేను చెప్పాను. కోచింగ్ మానేసింది, స్టూడియోలో చేరింది, ఆదివారాల ఫోన్లు, నాయన కోరిక, ఫ్లాషన్న మామ, రిబ్బను, అన్నీ గుసగుసగా రెండు నిమిషాల్లో చెప్పేశాను. ఒక్క చుక్క మత్తు లేకుండా, నిండు స్పృహలో, ముగ్గురు పరాయివాళ్ళ ముందు. మత్తు డాక్టరు నా చేతి పట్టీ విప్పుతూ ఇంక ఈ పాపకు మందు ఎందుకు అన్నాడు. డాక్టరమ్మ మాస్కు వెనక నవ్వింది. మత్తులో ఏదో గొణుగుతారు గానీ ఇలా వరసగా ఎవరూ చెప్పరనీ, అయినా నా ఇష్టమేననీ, మధ్యలో భయమేస్తే చెయ్యి ఎత్తమనీ, మత్తు డాక్టరు ఇక్కడే ఉంటాడనీ ధైర్యం చెప్పింది.

ముందు చిగురుకు ఏదో చల్లని గుజ్జు పూసింది. కళ్ళు మూసుకొని ముక్కుతో గాలి పీల్చుకోమంది. (ముక్కు సంగతి మీకు తెలుసు.) చీమ కుట్టినట్టు ఉంటుందంది. కుట్టిన చీమ కొంచెం పెద్దదే. అయితే గోడ దూకి పారిపోవలసినంత పెద్దది కాదు. కాసేపటికి సగం పెదవి, సగం నాలుక నావి కాకుండా పోయాయి. తర్వాత నలభై నిమిషాలు మా ఇంటి పక్క నాపరాళ్ళ ఫ్యాక్టరీలో వినపడే మోత నా నోట్లో వినపడింది. మోత, నీళ్ళు, ఎవరో దవడ పట్టుకుని నొక్కుతున్నట్టు బరువు. నొప్పి మాత్రం లేదు. నొప్పి కోసం ఎదురు చూస్తూ చూస్తూ ఉండగానే డాక్టరమ్మ అయిపోయిందమ్మా అంది. ఇన్నేళ్ళు నేను పారిపోయింది దీని నుంచేనా అనిపించింది.

పన్ను ఉన్న చోట దూది పెట్టి గట్టిగా కొరికి పట్టుకోమని, పక్క గదిలో మంచం మీద పడుకోబెట్టారు. నర్సమ్మ బయటికి వెళ్ళి, మత్తు వదిలేదాకా కాసేపు పడుకోనీ పెద్దాయనా అని నాయనకు చెప్పడం వినపడింది. ఆమె చెప్పింది దవడ మత్తు గురించి. నాయన అర్థం చేసుకున్నది మనిషి మత్తు గురించి. ఇది నాకు వెంటనే తట్టలేదు. హాయిగా కళ్ళు మూసుకుని పడుకుని ఉన్నాను. ఆయన వచ్చి స్టూలు లాక్కుని కూర్చుని, పాపా అని పిలిచాడు. నోట్లో దూది, నాలుక నాది కాదు, నేను పలకలేదు. ఇంకోసారి పిలిచాడు. తువ్వాలు కొసతో నా పెదవి పక్కన తుడిచాడు. నోటి నుంచి చొంగ కారుతోందని నాకు అప్పుడే తెలిసింది. సిగ్గేసి కళ్ళు ఇంకా గట్టిగా మూసుకున్నాను.

“నీకేం తెల్సలేదు గదా, అది మేలు” అన్నాడు నాయన మెల్లగా. “నేనైతే ఆ కుర్చీ ఎక్కేవాణ్ణి గాదు. దారం కట్టి పెరికినానని ఊరంతా చెప్పుకుంటి. యాడ పెరికినా? ప్రొద్దుటూరులో డాక్టరు సూది తీసేది చూసి, చెప్పులు గూడా ఆడనే ఇడిచిపెట్టి వచ్చేసినా. మీ అవ్వ అడిగితే బస్సులో పోయినాయంటి. ఆ పన్ను ఇంగా ఆర్నెల్లు సతాయించి దానంతకదే ఊడె.”

నాకు నవ్వు తన్నుకొచ్చింది. నవ్వితే దూది జారుతుంది, దూది జారితే నెత్తురు వస్తుంది. పళ్ళు బిగించి పట్టుకున్నాను. కళ్ళు తెరుద్దామా అనుకునేంతలో ఆయన మళ్ళీ మొదలుపెట్టాడు. ఆ తర్వాత తెరవడం నా వల్ల కాలేదు.

“రెండు నెల్ల కింద వేంపల్లెకు చీరలు ఇచ్చేకి పోయినా. ఆ సేటు కూతురి పెండ్లి ఆల్బం చూపించిరి. అట్ట తెరిస్తే నా అంచు ఉండాది. మామిడిపిందె కింద అందరూ మూడు చుక్కలు పెడతారు, రెండు పెట్టేది నేనొక్కణ్ణే. ఎవరు చేసినారంటే, కడపలో యాదో స్టూడియోలో ఒక పాప చేస్తాదనిరి. ఆ పాప ఎవరో నాకు తెలీదా.” తువ్వాలు మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు. “నువ్వే చెప్తావని ఆదివారం ఆదివారం ఫోన్ చేస్తాండా. నువ్వేమో చదువుతాండా అంటావు. నాకేమో అడిగేకి నోరు రాదు. అయితే పాపా, ఆ పేజీలు శానా బాగుండాయి. నేను నేసినదాని కంటే బాగుండాయి.”

నాయన నేసిన అమ్మ చీర ఒకటి ఫోటో తీసి, ఆ అంచునే ఆల్బం పేజీలకు చుట్టూ కట్టాను నేను. నాయన కళ్ళ పడుతుందని కలలో కూడా అనుకోలేదు. మూసిన కళ్ళ నుంచి నీళ్ళు చెవుల్లోకి కారుతుంటే, ఆయన వాటిని కూడా చొంగే అనుకున్నట్టుంది, అదే తువ్వాలుతో తుడిచాడు. ఎనిమిది నెలలుగా గుండె మీద పెట్టుకుని మోస్తున్న బండ ఎవరో తీసి పక్కన పెట్టినట్టయింది. పన్ను పోయిన సుఖం దాని ముందు ఏపాటిది?

ఇంక మత్తులో ఉన్నట్టు నటించడం నా బాధ్యత అనుకున్నాను. పెద్దాయన పరువు కాపాడాలి కదా. అర గంట తర్వాత బరువుగా కళ్ళు తెరిచి, ఎక్కడున్నానన్నట్టు చూసి, ఆయన భుజం పట్టుకుని తూలుతూ నడిచాను. తూలడం బాగానే కుదిరింది. హాల్లోకి వచ్చేసరికి డాక్టరమ్మ ఎదురొచ్చింది. చల్లనివే పెట్టాలని, ఈ రోజు పుక్కిలించకూడదని నాయనకు చెప్పింది. అంతటితో ఆగితే బాగుండేది. “మీ పాపకు మంచి ధైర్యం పెద్దాయనా. మత్తు వద్దనింది. అంతా మెలకువతోనే చేయించుకునింది” అని మెచ్చుకుని మరీ వెళ్ళిపోయింది.

నాయన పైన తిరుగుతున్న ఫ్యాను వైపు చూశాడు. నేను ఆయన భుజం మీద నుంచి చెయ్యి తీసేసి నిటారుగా నిలబడ్డాను. ఆటో ఎక్కేదాకా ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు. ఏడు రోడ్ల దగ్గర ఆటో ఆగినప్పుడు, ఆయన ఎదురుగా ఉన్న బస్సు వెనక రాతలు చదువుతున్నట్టుగా అడిగాడు.

“అంతా ఇన్నావా?”

తలూపాను.

“చెప్పుల సంగతి గూడా?”

మళ్ళీ ఊపాను. ఆయన తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఏడుస్తున్నాడేమోనని భయపడ్డాను. భుజాలు ఎగిరెగిరి పడుతుంటే అర్థమైంది, నవ్వుతున్నాడు. మా నాయన అంతసేపు నవ్వడం నేను ఎన్నడూ చూడలేదు. నాకూ ఆగలేదు. బుగ్గ పట్టుకుని, దూది జారకుండా, ముక్కుతోనే నవ్వాను. ఆటో అతను అద్దంలో మమ్మల్ని చూసి, ఏ ఆసుపత్రిలో ఏం మందు ఇచ్చారో అనుకుని ఉంటాడు.

“చెప్పులది మీ అమ్మకు చెప్పొద్దు” అన్నాడు నాయన. దూది మధ్య నుంచే, మరి స్టూడియోది అని అడిగాను. మూడుసార్లు చెబితే గానీ ఆయనకు అర్థం కాలేదు. “అది నేను చెప్తాలే. నువ్వు చెప్తే నువ్వేడుస్తావు, ఆమె ఏడుస్తాది” అన్నాడు. తర్వాత ఆటో అతన్ని బండి తిప్పమని, నా స్టూడియో యాడుందో నన్ను చూపించమన్నాడు.

ఫ్లాషన్న రాయచోటిలోనే ఉన్నాడు. వాచిన బుగ్గతో నేనే షట్టరెత్తి, కంప్యూటరు పెట్టి, నా కుర్చీలో నాయనను కూర్చోబెట్టాను. సగం చేసిన ఆల్బం ఒకటి తెరిచాను. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని, చీర కొనేవాళ్ళు చూసినట్టు ప్రతి మూలా చూశాడు. చివరికి తెర మీద వేలు పెట్టి, ఈ చుక్క కొంచెం కిందికి రావల్ల అన్నాడు. నిజమే, కొంచెం పైకి ఉంది. మౌసుతో జరిపాను. ఆయన వేలు తీయకుండా అలాగే చూస్తూ ఉండిపోయాడు. మగ్గం మీద తప్పు పడిన చుక్క దిద్దాలంటే నేసినదంతా ఇప్పాల్సొస్తుంది, ఒక దినం పోతుంది అని మెల్లగా అన్నాడు. ఇంకొకటి చూపించమన్నాడు. పెరుగన్నం సంగతి ఇద్దరం మరిచిపోయాం.

ఇదంతా జరిగి పదేళ్ళు దాటింది. ఇప్పుడు కడపలో నాకే ఒక చిన్న డిజైన్ షాపు ఉంది. పోయినేడాది కుడి వైపు జ్ఞానదంతం కూడా మొదటిదాని దారే పట్టి అడ్డం తిరిగితే, అదే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆమె అడగకముందే, ఈసారి మత్తు ఇస్తారా అని నేనే అడిగాను. దాచుకోవలసింది ఏమీ లేదు, ఒకసారి రుచి చూద్దామని. చేతికి సూది పెడుతుంటే చూస్తూనే ఉన్నాను. లేచాక, నేను ఏమైనా మాట్లాడానా అని నర్సమ్మను ఆత్రంగా అడిగాను. ఏమీ లేదక్కా, చక్కగా గురక పెట్టినావు అంది. నా కడుపులోని రహస్యాలు కాపాడుకోవడానికి నలభై నిమిషాలు మెలకువతో ఆ మోతంతా విన్న ఆ ఇరవై మూడేళ్ళ పిల్ల గుర్తొచ్చింది. దవడ మత్తు వదలక సగం ముఖంతోనే నవ్వుకున్నాను. ఆ పిల్ల నాలుగు రోజులు వణికిపోయింది అనవసరంగానే అని తెలిసినా, ఆ మాట ఆమెకు ఎవరైనా ముందే చెప్పి ఉండాల్సిందని మాత్రం నాకు ఎప్పుడూ అనిపించదు.